పచ్చ డబ్బా ముందు భోగ్

రామ్‌సింగ్ నీళ్లు ముట్టలేదు.

లాలి చెంబు తెచ్చి తమ్ముడి ముందు పెట్టి చాలాసేపైంది. కల్లంలో గాలి లేచినప్పుడల్లా మిరప ఘాటుకు రామ్‌సింగ్ తుమ్ముతున్నాడు, తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు, చెంబు వంక మాత్రం చూడటం లేదు. వేంసూరు అవతలి తండా నుంచి పొద్దున్నే బండి మీద బయల్దేరిన మనిషి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

అక్క ఇంటికి వచ్చిన తమ్ముడు నీళ్లు ముట్టకపోతే ఈ తండాలో దాన్ని అలక అనరు. రేపు తండా పెద్ద నాయక్ ముందు పంచాయతీ కూర్చుంటే మొదట అడిగేది అదే, నీళ్లు తాగిండా లేదా అని. లేదంటే ఇక అక్కాతమ్ముళ్ల మాట అక్కడితో సరి.

"ముందు గొంతు తడుపుకో రామ్‌సింగూ. ఎండల పడి వచ్చినవ్," అంది లాలి.

"తాగటానికి రాలే అక్కా. ఒక్క మాట అడిగిపోదామని వచ్చిన."

"అడుగు."

"ఆ మందు సంగతి నీ అంతట నువ్వు చెప్పినవా, ఎవరన్న చెప్పిస్తే చెప్పినవా?"

లాలి చేతులు ఆగాయి. ఆమె ముందు రెండు కుప్పలున్నాయి. ఎర్రటి మంచికాయ ఒక పక్క, తెల్లబారిపోయిన తాలుకాయ ఒక పక్క. పక్కనే కూర్చుని కాయ ఏరుతున్న కోడలు హేమలత తల ఇంకా కిందికి వంచుకుంది. అవతల మొగుడు పూల్‌సింగ్ దబ్బనంతో బస్తా మూతి కుడుతున్నాడు. బామ్మర్ది ప్రశ్న విని కూడా విననట్టే దారం లాగాడు. కొడుకు శ్రీధర్ ఆఫీసుకు సెలవు పెట్టి, బండికి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ ఇంట్లో ఎవరికీ చెవుడు లేదు. జవాబు చెప్పే ధైర్యమే లేదు.

"నేనే చెప్పిన గదా. నా నోటితోనే చెప్పిన," అంది లాలి చివరికి.

"నోరు నీదే. మాట ఎవరిది?"

లాలి కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నిజంగానే తెలియక చూసింది.

కోడలు ఫోన్ పట్టుకుని "యాడీ, నువ్వు రొట్టె చేస్తుంటే తీస్త" అన్న మొదటి రోజు కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి లాలి. ఇప్పుడు 'లాలి యాడి ముచ్చట్లు' అంటే తల్లాడలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. యాడి అంటే అమ్మ. ఆమె జొన్నరొట్టె కొట్టడం, తోట మీద పడ్డ కోతుల్ని పేరుపేరునా తిట్టడం, మొగుణ్ని దెప్పిపొడవడం, అన్నీ జనం చూశారు. దుమ్ముగూడెం సంతకు పోతే ఎవరో కోయ ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చి పక్కన నిలబడి ఫొటో దిగారు. తన మొహం తాను చూసుకోవడం మాత్రం లాలికి సిగ్గు. మొట్టమొదటి వీడియో చూసి, ఇక నాకు చూపియ్యకున్రి అంది. ఎవరేం మెచ్చుకున్నారో కోడలు చదివి చెబితే అదే చాలనుకుంది.

రామ్‌సింగ్ జేబులోంచి ఫోన్ తీసి, వీడియో పెట్టి, చెంబు పక్కన నేల మీద ఉంచాడు.

లాలి గొంతు కల్లంలో ఇంకోసారి వినబడింది. "ఈ మందు కొట్టినంక నల్ల తామర పురుగు మా తోట దిక్కు చూడలే. వేరే మందులెందుకు, దండుగ. మేమైతే ఇదే కొడుతున్నం."

"ఇన్నవా? ఇది ఇన్న నాడే దుకాణం పోయి, తెచ్చిన మందులన్నీ వాపసిచ్చి ఈ పచ్చ డబ్బాలు తెచ్చుకున్న. పురుగు పూతల దూరింది. పూత రాలింది. మా అక్క చెప్పింది గదా, ఇంకో తడవ కొడితే నిలుస్తదని మళ్లీ అదే కొట్టిన. ఇప్పుడు నా తోటల మేకలు మేస్తున్నయ్. నేనే తోలిన."

రామ్‌సింగ్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే లాలికి కొంత తేలికగా ఉండేది.

"నేనొక్కన్నే మునిగితే ఇంట్ల కూసొని ఏడ్చేటోన్ని అక్కా. మా ద్వాలి పుట్టింటోళ్లకు నేనే చెప్పిన. పక్క చేను హీరాలాల్‌కు నేనే చెప్పిన. మా అక్క అబద్ధం ఆడదు, కొట్టున్రి అని తిరిగి తిరిగి చెప్పిన. ఇప్పుడు వాళ్లు నన్నడుగుతున్నరు, మీ అక్కకు కంపెనోళ్లు ఏమిచ్చిన్రని. నాకు తెలిస్తే గదా చెప్పటానికి."

"మందు అన్నంక ఒక తోటకు పడతది, ఒక తోటకు పడదు మామా," అన్నాడు శ్రీధర్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. "మందు తప్పే అని ఎట్ల చెప్తవ్? ఈ యేడు పురుగు అందరికీ వచ్చింది."

రామ్‌సింగ్ కల్లం మొత్తం ఒకసారి చూశాడు. టార్పాలిన్ పట్టాల మీద మిర్చి నిండుగా ఎర్రగా ఆరబోసి ఉంది. అడివి అంచు దాకా ఎరుపే.

"మీకు రాలేదు గదా అల్లుడా. అదే అడుగుదామనుకున్న. బావా, నువ్వు చెప్పు. ఈ తోటకు ఆ మందే కొట్టినవా?"

పూల్‌సింగ్ దారం కొరికి ముడేశాడు. మందు కొట్టే పని ఆ ఇంట్లో ఆయనదే. డ్రమ్ము, పంపు, పైపు, అన్నీ ఆయన చేతి కింద. ఆడవాళ్లను ఆ వాసన దగ్గరికి రానివ్వడు.

"ఒక్కనాడు కొట్టిన. రెండు సాళ్లకు. వీడియో కోసం అన్నరు," అన్నాడు. "మిగతా దినాలు ఎప్పుడూ కొట్టేవే కొట్టిన."

లాలి చేతిలోని కాయ జారిపోయింది. "తోటకంత అదే కొడుతున్నవని గదా నాకు చెప్పిన్రు."

"నేనెప్పుడు చెప్పిన? నీ కొడుకు కోడలు చెప్పి ఉంటరు. వీడియోల మాటను ఎవరన్న నిజమనుకుంటరని నాకేం ఎరుక?"

"బామ్మర్ది అనుకున్నడు," అన్నాడు రామ్‌సింగ్.

అడివి అంచున కోతులు కాచుకుని కూర్చున్నాయి. వాటిని తోలాల్సిన లాలి వాటి వంక కూడా చూడలేదు.

హేమలతే మొదట నోరు విప్పింది. "కింద రాసినం మామా. పైసలు తీసుకొని చేసిన వీడియో అని రాసినం. దాచిపెట్టలే."

"ఏడ రాసిన్రు?"

హేమలత వంగి అతని ఫోన్ అందుకుంది. వీడియో కింద అక్షరాల వరుస మీద వేలు పెట్టింది. వరుస చివర ఇంకా ఉందని గుర్తు. దాన్ని నొక్కితే పొడుగ్గా తెరుచుకుంది. పూల బొమ్మలు, మిరపకాయ బొమ్మలు, తండా పేరు, ఊరి పేరు, వాటన్నిటి అడుగున ఒకే ఒక్క ఇంగ్లీషు మాట చీమ తలకాయంత ఉంది. పెయిడ్ అని.

రామ్‌సింగ్ దాన్ని కళ్లు చికిలించి చూశాడు.

"ఇది ఎవరు సదవాలె బిడ్డా? నేనా? మా ద్వాలినా? నోటితోని తెలుగుల చెప్పినవన్నీ మాకు, ఇంగ్లీషుల రాసింది సర్కారుకా?"

హేమలత ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ఇంటర్ దాకా తండాలో పిల్లలకు ట్యూషన్ చెప్పిన మనిషి ఆమె. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు బాగానే తెలుసు.

"ఇంకో మాట చెప్త అక్కా, ఇను," అన్నాడు రామ్‌సింగ్. "మందు డబ్బా పట్టుకొని మంచిది మంచిది అనేటోళ్లు ఫోన్ తెరిస్తే బోలెడు మంది. వాళ్లను నేను నమ్మలే. నువ్వు చెప్పినవని గూడ వెంటనే నమ్మలే. మనిషన్నంక పైసల కోసం నాలుగు మాటలు అంటది. కని నువ్వు భోగ్ పెట్టినవ్. నిప్పుల మీద బెల్లం, నెయ్యి ఏసి, సేవాలాల్‌ను తలుసుకొని, కండ్లు మూసుకొని దండం పెట్టినవ్. ఆ డబ్బా ముందట. పైసలు తీసుకొని భోగ్ పెట్టే మనిషి మన జాతిల లేదనుకున్న. అది చూసినంకనే దుకాణం పోయిన."

"డబ్బా ముందటనా?" అంది లాలి.

"చూడు."

లాలి మొదటిసారి ఆ వీడియో చూసింది. కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. అది తొలిపూత రోజు. ప్రతి ఏడూ తోట తొలిపూతకు వచ్చిన రోజు గట్టు మూలన నిప్పులు పోసి ఆమె భోగ్ పెడుతుంది. అత్త పెట్టేది, ఇప్పుడు తను పెడుతోంది. ఫోన్‌లో తను కూర్చుంది. నిప్పులు రాజేసింది. బెల్లం వేసింది, నెయ్యి వేసింది. కళ్లు మూసుకుంది. మూసుకున్నాక నిప్పులకూ మిరపచెట్టుకూ మధ్యన పచ్చ డబ్బా ఉంది. పొగ దాన్ని చుట్టుకుని పైకి పోతోంది. తను దండం పెడుతోంది.

ఆ రోజు కళ్లు తెరిచేసరికి అక్కడ చెట్టే ఉంది. అది లాలికి బాగా గుర్తు. చెట్టు మీద ఒక తెల్ల పువ్వు మీద తేనెటీగ వాలి ఉంటే కోడలికి చూపించింది కూడా.

"నేను కండ్లు మూసుకున్నంక పెట్టి, తెరవక ముందే తీసినవా?" అని అడిగింది.

హేమలత కొంగు కొసను వేలికి చుట్టుకుంది.

రామ్‌సింగ్ లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అతని మొహంలో కోపం కొంచెం తగ్గింది. దాని స్థానంలో వచ్చింది కోపం కంటే మంచిదేమీ కాదు, జాలి.

"నీకు తెల్వదు. అది సమజైంది అక్కా. కని నాకు సమజైతే సరిపోదు. హీరాలాల్‌కు సమజ్ కావాలె. ద్వాలి అన్నదమ్ములకు సమజ్ కావాలె. యాడ చెప్పినవో ఆడనే చెప్పు. అదే ఫోన్ల, అదే నోటితోని. అది అందరికీ చూపిచ్చి, మళ్లొచ్చి ఈ చెంబెడు నీళ్లు తాగిపోత."

బండి తండా మలుపు తిరిగేదాకా లాలి అలాగే నిలబడింది. ఆ తర్వాత చెంబెత్తి నీళ్లు మిరప కుప్పకు దూరంగా పారబోసింది.

అత్తాకోడళ్లు మళ్లీ కాయ ఏరడానికి కూర్చున్నారు. కూర్చోక తప్పదు, బస్తాలు మార్కెట్‌కు పోవాలి.

"ఎందుకు పెట్టినవ్?" అంది లాలి.

"భాస్కర్ చెప్పిండు." భాస్కర్ ఖమ్మంలో కూర్చుని కంపెనీల తరఫున ఈ వీడియోల పని చూసే మనిషి. "యాడ్ లెక్క ఉండొద్దన్నడు. యాడ్ అని తెలిస్తే జనం వేలితోని పైకి జరిపేస్తరట. ఇంట్ల ఎట్లుంటరో గట్లనే ఉండాలె, మందు మాత్రం నడుమ కనపడాలె అన్నడు. యాడి పూజ చేస్తది గదా, అది మంచిగుంటది అన్నడు."

"భోగ్ సంగతి ఖమ్మంల ఉన్నోనికి ఎట్ల తెలుసు?"

హేమలత ఒక తాలుకాయ తీసి మంచికాయలో వేసింది. లాలి దాన్ని ఏరి ఇటు వేసింది.

"నేనే చెప్పిన," అంది హేమలత.

ఇంట్లో కోడలు బయటివాడికి ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో లాలి ఎన్నడూ నేర్పలేదు. నేర్పాల్సి వస్తుందని అనుకోలేదు.

"సరే. ఏరి చూపెట్టు," అంది. "ఇన్నాళ్లు తీసిన వాట్లల్ల ఏవి నావి, ఏవి అమ్మినవి. కాయ ఏరినట్టు ఏరి చూపెట్టు."

"యాడీ, ఇప్పుడెందుకు అదంత?"

"నాకు తెల్వాలె. తమ్ముడు అడిగితే నోరు తెరిచి నిలబడ్డ. రేపు ఇంకోలు అడుగుతరు."

హేమలత ఫోన్ తీసి ఒక్కొక్కటే చెప్పసాగింది. రొట్టె వీడియో నీదే. కోతుల వీడియో నీదే. మొర్రిపండ్లది నీదే. మోకాళ్ల నొప్పుల నూనె, అది కంపెనీ వాళ్లది. తలకు పెట్టుకునే నూనె, అది కూడా. మేడారం జాతరకు పోయింది మనదే, అందులో ఎక్కిన బండి మాత్రం షోరూం వాళ్లు ఇచ్చారు.

లాలి ప్రతిదానికీ తలూపింది. మోకాళ్ల నూనె నిజంగానే పనిచేస్తుందని చుట్టాలందరికీ చెప్పి తెప్పించింది. అదీ గుర్తొచ్చింది.

"రొట్టె పెనం?" అంది.

హేమలత వేలు ఆగిపోయింది.

ఆ వీడియో తండా మొత్తానికి గుర్తే. లాలి కాల్చే పాత పెనం అంచు పగిలి ఉంటే, హేమలత కొత్త ఇనుప పెనం కాగితంలో చుట్టి తెచ్చి, కళ్లు మూసుకో యాడీ అని చేతిలో పెట్టింది. లాలి కళ్లు తెరిచి చూసి ఏడ్చింది. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ తనకని ఎవరూ ఏదీ కొని తేలేదని, కోడలు తెచ్చిందని చెప్పి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి ఎక్కడెక్కడి ఆడవాళ్లో ఏడ్చారట. లాలి నూట ఒక్క సార్లు ఆ పెనం తుడిచి గోడకు తగిలించి ఉంటుంది.

"పెనం కంపెనోళ్లు పంపిన్రు," అంది హేమలత. అని, వెంటనే, "కని నువ్వు ఏడ్చింది నిజమే గదా యాడీ. దాన్ని నేను చెప్పి చేపియ్యలే."

"నా ఏడుపు నిజమే. నీ పెనం?"

హేమలత కళ్లు తుడుచుకుంది. మిరప చేతులతో తుడుచుకుంది. మంట అందుకుని గిలగిలలాడుతుంటే లాలి లేచి నీళ్లు తెచ్చి ఆమె మొహం కడిగింది. అలవాటైన చేతులు వాటి పని అవి చేశాయి.

"నేనొక్కదాన్నే తిన్ననా?" అంది హేమలత కళ్లు తెరవలేక. "ఆయన జీతం నెలల కొద్దీ రాకపోతే ఇల్లెట్ల నడిచింది? బోరు ఎట్ల పడ్డది? జనం వీడియోలు చూసినందుకు ఫోనోళ్లు పైసలిస్తున్నరని నీకు చెప్పినం. ఫోనోళ్లు ఇచ్చేది సబ్బుకు గూడ రాదు. భాస్కర్‌తోని మాట్లాడేది నీ కొడుకు, బేరమాడేది నీ కొడుకు. డబ్బా పెట్టింది నేను, అందుకని నా చేతులే కనపడుతున్నయ్."

శ్రీధర్ అక్కడే ఉన్నాడు. కాదనలేదు. అతని లోకంలో ఎవరు ఏం పెట్టారన్నది లెక్క కాదు, జనం ఎంతసేపు చూశారన్నదే లెక్క.

"ఇప్పుడు తియ్యి," అంది లాలి. "నా తమ్ముడు చెప్పినట్టే చెప్త. డబ్బా సంగతి, భోగ్ సంగతి, అన్నీ."

హేమలత బిత్తరపోయింది. "కంపెనోళ్లు ఊకోరు యాడీ. కాయిదం మీద సంతకం పెట్టి ఉన్నం. ఇంక మనకు ఎవరూ పనియ్యరు."

"ఇయ్యకున్రి."

శ్రీధర్ అడ్డం పడతాడని ఇద్దరూ అనుకున్నారు. ఈ వీడియోల మీద అతను కట్టుకున్న ఆశలు చిన్నవి కావు. కానీ అతను ఫోన్ జేబులో పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

"యాడి చెప్పిందే కరెక్ట్. మామ మొహం చూసినంక నాకూ మనసున పట్టలే. తీద్దాం. గిప్పుడు కాదు, ఎండ తగ్గినంక. నేనే తీస్త."

హేమలత భర్త వంక చూసింది. పెళ్లయ్యాక అతను ఆమె మాట లేకుండా మంచిపని చేయడం ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా ఆ పూట ఆమెకు అనుమానించే ఓపిక లేదు. కళ్లు ఇంకా మండుతూనే ఉన్నాయి.

పొద్దు వాలాక శ్రీధర్ చోటు చూశాడు. కల్లంలో వద్దన్నాడు, కొట్టం గోడ దగ్గర వెలుతురు బాగుందన్నాడు. లాలి గోడకు చేరగిలబడి కూర్చుంది. ఆమె భుజం వెనక బస్తాలు, పలుగు, పార, ఒక నీలం డబ్బా ఉన్నాయి. హేమలత వాటిని పక్కకు జరపబోయింది.

"ఉండనీ," అన్నాడు శ్రీధర్. "ఇల్లు ఎట్లుందో గట్లనే ఉండనీ. ఏం సర్దకు. నిజం చెప్తున్నప్పుడు సర్దుడెందుకు?"

ఆ మాట లాలికి నచ్చింది. చాలా రోజుల తర్వాత కొడుకు మంచి మాట అన్నాడనుకుంది.

లాలి మాట్లాడింది. పచ్చ డబ్బా మందు మా తోటకు కొట్టలేదంది. రెండు సాళ్లకు కొట్టి తోటకంత కొట్టినట్టు చూపిచ్చిన్రు, నాకు తెల్వదు, తెల్వకపోవుడు నా తప్పే అంది. భోగ్ నా తోటకు పెట్టిన, ఆ డబ్బాకు పెట్టలేదంది. అది నమ్మి ఎవరి తోట పోయిందో వాళ్ల కాళ్లకు దండం అంది. పెనం సంగతి కూడా చెప్పింది.

"ఇయ్యాల భోగ్ పెట్టి చెప్తలే. ఒట్టి మాటే చెప్తున్న. నమ్మితే నమ్మున్రి," అని ముగించింది.

ఆ వీడియో బయటికి పోయిన దగ్గర్నుంచి భాస్కర్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. శ్రీధర్ ఎత్తలేదు.

తెల్లారి లాలి వాకిలి ఊడ్చి, చెంబు చింతపండుతో తోమి, కొత్త నీళ్లు నింపి గడప పక్కన పెట్టింది. దాని మీద చిన్న ఇత్తడి పళ్లెం మూత పెట్టింది. హేమలత అడగకపోయినా చెప్పింది, రామ్‌సింగ్ వస్తడు, మధ్యాన్నం దాకా చూసి ఫోన్ చేద్దామని.

ఎదురుచూసే పని పడలేదు. రామ్‌సింగే చేశాడు. హేమలత ఫోన్ ఎత్తి అత్త చెవి దగ్గర పెట్టింది.

"చూసినవా తమ్మీ?"

"చూసిన అక్కా. రాత్రే చూసిన. ద్వాలి ఏడ్చింది. హీరాలాల్ గూడ, సరే తియ్, మీ అక్క నిజమే చెప్పింది అన్నడు. పొద్దున్నే బండి తీసి బయల్దేరిన. తల్లాడ సెంటర్ల ఉన్న."

"వచ్చినట్టే గదా. రా."

అవతలి నుంచి బండ్ల మోతలు, ఎవరో టిఫిన్ బండి దగ్గర అరవడం వినబడ్డాయి.

"ఈడ చాయ తాగుతుంటే హీరాలాల్ ఒక ఫొటో పంపిండు. నీ వీడియోను ఆపి తీసిన ఫొటో. నీ భుజం ఎనక నీలం డబ్బా ఉన్నది, దాని సుట్టు ఎర్ర గీత గీసిండు ఎవడో. నీలం డబ్బా కంపెనోళ్లు పైసలిచ్చి పచ్చ డబ్బాను తిట్టిచ్చిన్రని రాసిండు. కింద అందరు అదే రాస్తున్నరు. అక్కా, నిన్న నువ్వు చెప్పింది నీ అంతట నువ్వు చెప్పినవా?"

లాలి ఫోన్ చెవి నుంచి తీయలేదు. నెమ్మదిగా కోడలి వైపు తిరిగింది.

"హేమలతా, నిన్నటిది నాదేనా?"

హేమలతకు ఏడుపొచ్చింది. నిన్న తన నోటితో తనే చెప్పిన మనిషి, ఆ మాట తనదేనా అని ఇప్పుడు అడుగుతోంది. అడిగే స్థితికి తెచ్చింది తామే.

"నీదే యాడీ. సేవాలాల్ మీద ఒట్టు. ఎవరూ ఏం ఇయ్యలే."

"మరి ఆ నీలం డబ్బా మనింట్లదేనా?"

పూల్‌సింగ్ గడప లోపలి నుంచే అన్నాడు, "నేను తేలేదు. ఆ మందు మనమెన్నడూ కొట్టలే."

హేమలత కొట్టం వైపు చూసింది. గోడ దగ్గర బస్తాలున్నాయి, పలుగు ఉంది, పార ఉంది. డబ్బా లేదు. నిన్న తను జరపబోతే ఉండనీ అన్న మనిషి బండి తుడుచుకుంటున్నాడు.

"శ్రీధరూ," అంది లాలి.

శ్రీధర్ తల ఎత్తలేదు. గుడ్డ తిప్పి తిప్పి అదే అద్దాన్ని తుడిచాడు.

"నువ్వు చెప్పింది మొత్తం నిజమే గదా యాడీ," అన్నాడు. "ఒక్క అక్షరం గూడ నేను చెప్పియ్యలే. ఎనక డబ్బా పెడితే నీ నిజానికి ఏమైతది?"

"అక్కా," అన్నాడు రామ్‌సింగ్ ఫోన్‌లో. "బండి స్టార్టు చేసి పెట్టిన. ఇటు రావాల్నా, అటు తిప్పాల్నా? నువ్వే చెప్పు."

లాలి గడప పక్కనున్న చెంబు వంక చూసింది. ఫోన్‌లో బండి ఇంజను చప్పుడు వినబడుతూనే ఉంది.